జబ్బకి కట్టే బీపీ మెషిన్, కొన్నేళ్ళు వాడాక

కరోనా టైంలో మా అత్తమ్మ కోసం కొన్నాం, ఇప్పటికీ పనిచేస్తోంది. కావలి నుంచి నెల్లూరు పొగతోటకి వెళ్ళి డాక్టర్ ముందు కూర్చోగానే ఆవిడకి పైది 160 దాటేది, ఇంట్లో చూస్తే 125 దగ్గర ఉండేది. కొంతమందికి ఆస్పత్రి టెన్షన్‌కే బీపీ పెరుగుతుందట, అందుకని మందు పెంచేముందు ఇంట్లో చూసి రాసుకురమ్మన్నారు.

కానీ మెషిన్ డబ్బులు వసూలైంది మా ఆయన దగ్గర. నలభై దాటాయి, గుండ్రాయిలా ఉన్నానంటాడు, తలనొప్పి లేదు, కళ్ళు తిరగడం లేదు. అత్తమ్మకి చూశాక ఊరికే ఆయనకీ కడితే 150/96 వచ్చింది. "నాకు బీపీ ఏందే, నీ మెషినే పాడైంది" అన్నాడు. వారం పాటు పొద్దున, సాయంత్రం చూస్తే అటూ ఇటూగా అంతే. విచిత్రం ఏంటంటే డాక్టర్ దగ్గర చూస్తే 134/84, అంటే అత్తమ్మకి సరిగ్గా రివర్స్. ఆస్పత్రిలో మామూలుగా ఉండి ఇంట్లో ఎక్కువ చూపించే ఈ రకం ఒక్కసారి చెక్ చేయించుకుంటే దొరకదు. ఆస్పత్రిలో 140/90 గీత అయితే ఇంటి సగటుకి 135/85 గీత అని డాక్టర్ మా కాగితం చూసి చెప్పి, క్రియాటినిన్ (కిడ్నీలకి చేసే రక్తపరీక్ష), యూరిన్, ఈసీజీ రాశారు. బీపీ చాలామందిలో ఏ గుర్తూ ఇవ్వకుండానే కిడ్నీలని, గుండెని తింటూ పోతుంది కాబట్టి ఇంకా ఏం దెబ్బతినలేదని తెలిసేసరికి ఊపిరి పీల్చుకున్నాం.

మెషిన్ ఎంత మంచిదైనా చూసే పద్ధతి లేకపోతే దండగ. మా వీధిలో ఆడవాళ్ళు మెట్లెక్కి వచ్చి ఆయాసపడుతూనే చెయ్యి చాపుతారు, అయిదు నిమిషాలు కూర్చోండి అంటే కబుర్లు మొదలుపెడతారు. మాట్లాడుతుంటే ఎక్కువ వస్తుంది. వీపు ఆనించి, పాదాలు నేలకి ఆనించి, కాలు మీద కాలు లేకుండా, చెయ్యి బల్ల మీద గుండె ఎత్తున పెట్టాలి, ముందు అరగంట కాఫీ, సిగరెట్ వద్దు, బాత్రూంకి వెళ్ళొచ్చి కూర్చోవాలి. నిమిషం ఆగి రెండోసారి చూడాలి. వారం రాసి, మొదటి రోజు వదిలేసి, మిగతావాటి సగటు తీస్తే అదీ లెక్క. ఒక్క నంబర్ చూసి భయపడేవాళ్ళూ, ఒక్క నంబర్ చూసి మందులు మానేసేవాళ్ళూ ఇద్దరూ మా వీధిలోనే ఉన్నారు!

ఇక లోపాలు. కూడా వచ్చిన కఫ్, అంటే జబ్బకి చుట్టే గాలిపట్టీ, 22 నుంచి 32 సెంటీమీటర్ల చుట్టుకొలతకి, మా ఆయన జబ్బ అంతకన్నా లావు. కఫ్ బిగుతైతే బీపీ లేనిపోనిది ఎక్కువ చూపిస్తుంది, అందుకే ఆ వారం మొదలుపెట్టే ముందే పెద్దది విడిగా కొన్నాం, కొనేముందు టేపుతో కొలుచుకోండి. ఎండాకాలం చెమటకి అంటుకునే పట్టీ పట్టు వదిలేసింది. సెల్స్ డౌన్ అయితే ఎర్రర్ కొడుతుంది. ఏడాదికోసారి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళి వాళ్ళ మెషిన్‌తో సరిచూస్తాం. మణికట్టుకి కట్టేది మా మరిది దగ్గర ఉంది, చెయ్యి కాస్త దించినా ఎత్తినా నంబర్ మారిపోతుంది, నాకు నచ్చలేదు. బ్లూటూత్ లేదు, నోట్‌బుక్ చాలు.

అన్నట్టు, ఎండు చేపలు, ఆవకాయ తగ్గించడం మా ఇంట్లో మందుబిళ్ళ కన్నా పెద్ద గొడవ అయింది. రోజుకి మనిషికి ఉప్పు 5 గ్రాముల లోపు, అంటే చిన్న చెంచాడు కూడా మించకూడదు, అందులో పచ్చడి ఉప్పూ కలిపే.

180/120 దాటి, గుండెనొప్పో, ఆయాసమో, మూతి వంకరపోవడమో, కాలో చెయ్యో పడిపోవడమో కనిపిస్తే మళ్ళీ మళ్ళీ కఫ్ కట్టుకుంటూ కూర్చోకుండా 108కి ఫోన్ చేయండి.