కరివేపాకు మొక్కకు చలికాలం: కిటికీనా, లైటా, గ్యారేజా?

అక్టోబరు మొదటి వారం వచ్చిందంటే చికాగో చుట్టుపక్కల తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే ప్రశ్న: "కరివేపాకు లోపల పెట్టేశారా?" రాత్రి చలి 50 డిగ్రీల ఫారన్‌హీట్ కిందికి, అంటే మన లెక్కలో 10 కిందికి, దిగితే ఈ మొక్క ముడుచుకోవడం మొదలెడుతుంది. గడ్డకట్టే రాత్రి ఒక్కటి బయట గడిపితే లేత కొమ్మలు నల్లబడిపోతాయి. లోపలికి తేవాలని అందరికీ తెలుసు. లోపల ఎక్కడ పెట్టాలన్న దగ్గరే పేచీ.

"ఏరా, కూరలోంచి తీసి పారేసే ఆకు కోసం ఇంత టెన్షనా? మన పెరట్లో నరికినా పిలకలు వేస్తుంది" అని మా అమ్మ ఫోన్‌లో నవ్వుతుంది. ఆవిడకేం, బాపట్లలో ఉంది. ఇక్కడ జనవరిలో దుకాణంలో దొరికే ప్యాకెట్ విప్పితే సగం ఆకులు నల్లబడే ఉంటాయి. ఊరి నుంచి రెమ్మలు తెచ్చుకుందామంటే కుదరదు. నిమ్మ, నారింజ తోటల్ని నాశనం చేసే గ్రీనింగ్ తెగులును మోసుకొచ్చే సిలిడ్ పురుగు కరివేపాకు మీద కూడా బతుకుతుంది. ఇదీ ఆ కుటుంబం మొక్కే మరి. అందుకే పచ్చి ఆకు దొరికితే కస్టమ్స్ వాళ్లు తీసేసుకుంటారు. కాబట్టి కుండీలో ఉన్న చెట్టే మనకు దిక్కు.

నేను పదేళ్ల పైగా పెంచుతున్నాను. మూడు పద్ధతులూ చూశాను. నా మటుకు నాకు తేలింది ఇది: చలికాలంలో ఈ మొక్క పూర్తిగా మెలకువగా అయినా ఉండాలి, పూర్తిగా నిద్రయినా పోవాలి. నూటికి తొంభై మంది చేసేలా హాల్లో కిటికీ పక్కన పెడితే ఆ రెండూ జరగవు.

ఎందుకంటే డిసెంబరులో ఇక్కడ పగలు తొమ్మిది గంటలే. అందులోనూ చాలా రోజులు మబ్బు. ఇంట్లో మాత్రం హీటర్ పుణ్యమా అని 70 డిగ్రీల ఫారన్‌హీట్. వెచ్చదనం చూసి మొక్క ఎండాకాలం అనుకుంటుంది, చిగురు వేస్తుంది, ఆ చిగురుకు సరిపడా వెలుతురు ఉండదు. పాలిపోయి, సన్నగా సాగిపోతుంది. కుండీ చల్లటి నేల మీద ఉండి, మధ్యాహ్నం ఎండ ఆకుల మీద పడిందా, చల్లబడిన వేళ్లు నీళ్లు అందించలేక ఆకు రాలుతుంది. రాలిందని మనం ఇంకా నీళ్లు పోస్తాం. వేళ్లు కుళ్లుతాయి. చాలా మొక్కలు చచ్చేది చలికి కాదు, ఈ నీళ్లకే.

పురుగుల సంగతి వేరే చెప్పాలి. నా రెండో చలికాలం, ఒకరోజు పొద్దున కాఫీ కప్పుతో కిటికీ దగ్గర నిలబడితే చెప్పు నేలకు అతుక్కుంది. ఎవరో జ్యూస్ ఒలకబోశారనుకున్నా. తుడిచాను, మర్నాడు మళ్లీ జిగురే. అప్పుడు ఆకు వెనక్కి తిప్పి చూశా. ఈనె పొడుగునా గోధుమరంగు బొడిపెలు, గోటితో గీకితే పెచ్చుల్లా ఊడొచ్చాయి. పొలుసు పురుగులు! అవి రసం పీల్చి వదిలే జిగురే నేలంతా. దూదితో రబ్బింగ్ ఆల్కహాల్ అద్ది ఒక్కొక్కటీ తుడిచి, మొక్కను బాత్‌టబ్‌లో స్నానం చేయించి, వేపనూనె కొట్టి నానా తంటాలూ పడ్డాను. ఫిబ్రవరికి పుల్లలే మిగిలాయి. హీటర్ గాలి తగిలే చోట పెడితే వీటికి ఎర్రనల్లి కూడా తోడవుతుంది.

ఇక గ్రో లైటు, అంటే ఎండకు బదులు మొక్క మీద వెలిగించే దీపం. ఖర్చెక్కువ అనుకుంటారు గానీ లెక్క వేసి చూడండి. 40 వాట్ల ఎల్‌ఈడీ రోజుకు 14 గంటలు వెలిగితే నెలకు సుమారు 17 యూనిట్లు. యూనిట్‌కు 20 సెంట్లు వేసుకున్నా మూడున్నర డాలర్లు. టైమర్ పెట్టేసి మర్చిపోవచ్చు. ఆకుల పైకి అడుగు ఎత్తులో వేలాడదీయాలి. ఊదారంగు లైటు మాత్రం కొనకండి. మొక్క బాగానే ఉంటుంది, ఇల్లే వీధి చివర సెలూన్‌లా కనిపిస్తుందని మా ఆవిడ రెండో రోజే తీయించేసింది. తెల్ల లైటు చాలు. ఇబ్బంది ఒక్కటే, వెలుతురు పై అడుగు, రెండడుగుల వరకే బాగా అందుతుంది. నాలుగైదు అడుగుల చెట్టుకు కింద కొమ్మలు బోడిగా మిగులుతాయి. విత్తనం నుంచి వచ్చిన మొక్కకు, రెండేళ్ల లోపు మొక్కకు మాత్రం ఇదే సరైనది. నిద్రపుచ్చితే మళ్లీ లేవడానికి దాని దగ్గర నిల్వ ఉండదు.

మొదలు బొటనవేలంత లావైన చెట్టుకు గ్యారేజే మేలు. 40 నుంచి 50 డిగ్రీల ఫారన్‌హీట్ మధ్య ఉండే చోటు కావాలి. నెల తిరక్కుండా ఆకులన్నీ పసుపు రంగుకు తిరిగి రాలిపోతాయి. మొదటిసారి చూసినవాళ్లకు గుండె గుభేలుమంటుంది, కానీ అది నిద్రే. ఆకు లేదు కాబట్టి వెలుతురు అక్కర్లేదు, పురుగుకు తిండీ లేదు. నెలకో గ్లాసు నీళ్లు చాలు. బతికుందో లేదో అనుమానం వస్తే బెరడును గోటితో కొంచెం గీరి చూడండి. లోపల పచ్చగా ఉంటే ఉన్నట్టే.

ప్రమాదం లేదని కాదు. 2019 జనవరి 30న ఓహేర్ విమానాశ్రయంలో మైనస్ 23 ఫారన్‌హీట్ నమోదైంది. ఆ రాత్రి మా గ్యారేజ్‌లో థర్మామీటర్ 29 చూపిస్తుంటే, దుప్పటి చుట్టిన కుండీని దొర్లించుకుంటూ వంటింట్లోకి తెచ్చాను. మినియాపొలిస్ లాంటి చోట ఉంటే గ్యారేజ్ నమ్ముకోకండి, బేస్‌మెంట్‌లో చల్లటి మూల వెతకండి. డల్లాస్ వాళ్లకు అసలు ఇంత రామాయణం లేదు, గడ్డకట్టే రాత్రులు లోపల పెట్టి తెల్లారాక బయటికి లాగితే సరి.

నిద్రపుచ్చితే చలికాలమంతా ఆకు ఉండదన్నది నిజమే. అందుకే లోపల పెట్టే ముందే కోసేసి, కడిగి, తడి పూర్తిగా ఆరాక డబ్బాలో ఫ్రీజర్‌లో పెడతాం. కరగనిస్తే నల్లబడుతుంది, డబ్బాలోంచి నేరుగా నూనెలోకే. కాస్త వెనక్కి జరిగి వేయండి, చిటపటలు ముఖం మీదికి వస్తాయి. సాంబారులో తేడా తెలియదు. పులిహోరలో తెలుస్తుంది. దాని కోసమే చిన్న మొక్క లైటు కింద ఉంది.

పుదీనాకు ఇవేవీ వద్దు. నేలలో ఉంటే మంచు కింద పడుకుని ఏప్రిల్‌లో అదే లేస్తుంది. కొత్తిమీర ఎలాగూ ఒక్క కాపు మొక్క, ధనియాలు మళ్లీ చల్లుకోవడమే.

మే నడిమికి, మంచు భయం పోయాక, కుండీలు బయటికి తీస్తాం. లైటు కింద పెరిగినదాన్ని వారం పది రోజులు నీడలోనే ఉంచాలి, నేరుగా ఎండలో పెడితే ఆకు తెల్లగా మాడుతుంది. గ్యారేజ్‌లోంచి వచ్చినది మాత్రం కట్టెపుల్లలా ఉంటుంది. ఒక ఏడాది మే నెలాఖరు దాకా చూసి, బెరడు గీరితే ఎక్కడా పచ్చ కనపడక, కుండీ ఖాళీ చేద్దామని మొదలు పట్టుకుని లాగబోయాను. వేలికి ఏదో మెత్తగా తగిలింది. మట్టిలోంచి అంగుళం ఎత్తున రెండు పిలకలు. ఫొటో తీసి అమ్మకు పంపాను.