భువనగిరి రాక్ క్లైంబింగ్ క్యాంపు: 5కి మూడున్నర

మా వాడికి పదిహేనేళ్లు. లెక్కల్లో తప్పినప్పటి నుంచి గది తలుపేసుకుని ఫోను పట్టుకుని కూర్చోవడమే, ఏమడిగినా "నావల్ల కాదు నాన్నా" అని ఒకటే మాట. తెలిసినవాళ్లు చెబితే భువనగిరి కోట దగ్గర శని, ఆదివారాలు పెట్టే క్యాంపులో చేర్చాం. తిండి, బస కలిపి 4,000.

కోట ఉన్న గుట్ట చూసినవాళ్లకు తెలుసు, మొత్తం ఒకే రాయి. 2014లో ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ, ఆనంద్ శిక్షణ తీసుకున్నది ఇక్కడే, అప్పటికి పూర్ణకు 14 కూడా నిండలేదు. దార్లో ఆ సంగతి చెప్పబోతే "పోలికలు మొదలెట్టావా" అన్నాడు. నోరు మూసుకున్నా.

మొదటిరోజు సగం ఎక్కి, కాళ్లు వణికి దిగేశాడు. కోచ్ ఏమీ అనకుండా నీళ్ల సీసా చేతికిచ్చి పక్కన కూర్చోమన్నాడు. నేనైతే ఏదో ఒకటి అనేసేవాణ్ణే, అందుకేనేమో పేరెంట్స్‌ని దూరంగా చెట్టు కింద కూర్చోబెట్టారు.

మర్నాడు వాడికి బిలే పని ఇచ్చారు. అంటే ఒకడు పైకి ఎక్కుతుంటే కింద ఇంకొకడు వాడి తాడు పట్టుకుని, ఎక్కేకొద్దీ వదులు లాగుతూ ఉండాలి, పైవాడు జారితే ఆపాల్సింది ఈ కిందవాడే. వెనకాల కోచ్ కూడా తాడు పట్టుకున్నాడులెండి. పైనున్న కుర్రాడు నిజంగానే జారాడు. మావాడు కుడిచెయ్యి తొడ దగ్గరికి లాగిపట్టి, మడమలు నేలకు తన్నిపెట్టి కదలకుండా నిలబడ్డాడు. ఆ కుర్రాడు రెండడుగులు కిందికొచ్చి ఆగిపోయాడు. దిగాక "థ్యాంక్స్ రా" అని వీపు మీద ఒక్కటి చరిచాడు. ఇంట్లో ఇన్నాళ్లూ గ్యాస్ బండ మార్చడానికి కూడా వీణ్ణి నమ్మి పిలవలేదని నాకు అప్పుడు గుర్తొచ్చింది.

కళ్లకు గంతలతో టెంటు వేసే ఆట మాత్రం అరుపులతోనే సరిపోయింది.

లోపాలకొస్తే, 22 మంది పిల్లలకు ఇద్దరే కోచ్‌లు, ఒక్కొక్కరి వంతు వచ్చేసరికి ఎండలో గంటసేపు. ఒకటే బాత్రూమ్, ఆడపిల్లలకు చాలా ఇబ్బంది. భోజనం మూడింటికి, అదీ చల్లారిపోయి. హెల్మెట్, హార్నెస్ (తాడు కట్టడానికి నడుముకు, తొడలకు బిగించే పట్టీలు) మాత్రం ప్రతిసారీ రెండుసార్లు చూశాకే ఎక్కనిచ్చారు, ఆ విషయంలో వంక పెట్టలేను.

లెక్కలు ఇప్పటికీ అంతంతమాత్రమే. డిసెంబరులో మళ్లీ వెళ్తానంటున్నాడు, ఈసారి పులిహోర కట్టివ్వమన్నాడు.