పిల్లల్ని బయటికి తెస్తామనే ‘కౌన్సెలింగ్ ప్యాకేజీ’కి డబ్బు కట్టకండి

తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల ఎవరి ఇంట్లోనైనా పిల్లలు ఒక గురువు గుంపులో చేరి ఇంటికి దూరమై ఉంటే, దయచేసి ఇది పూర్తిగా చదవండి. మీ బాధ మీదే వ్యాపారం చేసేవాళ్లు ఉన్నారు.

మా అక్క కూతురు డిగ్రీ అయ్యాక ధ్యానం క్లాసులకని వెళ్లడం మొదలుపెట్టింది. మొదట ఆదివారాలు, తర్వాత సెలవులన్నీ అక్కడే. చివరికి ఉద్యోగం మానేసి అక్కడే ఉండిపోయింది. అక్కడ ప్రశ్న అడిగితే అహంకారం, అమ్మ గుర్తొస్తే మోహం. ఫోన్ చేస్తే స్పీకర్‌లో పెట్టి మాట్లాడేది, పక్కన ఎవరో వింటున్నారని మాకు అర్థమయ్యేది. అక్కకు నిద్ర పోయింది, బావకు బీపీ వచ్చింది.

అప్పుడు తెలిసినవాళ్ల ద్వారా ఒక ‘కౌన్సెలింగ్ సెంటర్’ వాళ్లు దొరికారు. ఇలాంటి పిల్లల్ని చాలామందిని బయటికి తెచ్చామని, గ్యారంటీ అని చెప్పి 1,20,000 రూపాయలు తీసుకున్నారు. సగం నగదు, సగం ఎవరిదో సొంత ఖాతాకు ఫోన్‌పే. రసీదు అడిగితే, ఇది గుట్టుగా జరగాల్సిన పని, కాగితాలు ఉండకూడదన్నారు. ఏం జరిగినా తమకు బాధ్యత లేదనే కాగితం మీద మాత్రం బావతో సంతకం పెట్టించుకున్నారు.

వాళ్ల పద్ధతి వినండి. అమ్మమ్మకు సీరియస్‌గా ఉందని చెప్పి పిల్లను రప్పించమన్నారు. వచ్చాక ఒక లాడ్జి గదిలో పెట్టి, ఫోన్ లాక్కుని, ముగ్గురు వంతులేసుకుని గురువును తిడుతూ కూర్చున్నారు. నిద్రపోనివ్వలేదు. వాళ్లలో సైకాలజీ చదివినవాళ్లు ఒక్కరూ లేరని తర్వాత తెలిసింది. పిల్ల ఏడుపు తట్టుకోలేక అక్కే తలుపు తీయించింది. పిల్ల అటునుంచి అటే మళ్లీ ఆ గుంపు దగ్గరికి వెళ్లిపోయింది, నంబర్ మార్చేసింది.

డబ్బు పోయినదానికన్నా పెద్ద నష్టం ఇక్కడే ఉంది. నువ్వు సత్యం వైపు నడిస్తే నీ వాళ్లే నిన్ను హింసిస్తారని అక్కడ ముందునుంచీ నూరిపోస్తారు. ఈ సెంటర్ వాళ్లు ఆ మాటను నిజం చేసి చూపించారు. అంతవరకు అమ్మ మీద మిగిలిన కాస్త నమ్మకం కూడా ఆ గదిలోనే పోయింది.

ఇది కొత్త మోసమేమీ కాదు. అమెరికాలో 1970ల్లో ఇలా ఎత్తుకొచ్చి గదిలో పెట్టి మనసు మార్చే పని డబ్బుకు చేసేవాళ్లు. 1991లో అలా పట్టుకొచ్చిన 18 ఏళ్ల కుర్రాడు, మనసు మారినట్టు నటించి తప్పించుకుని పోలీసుల దగ్గరికి వెళ్లాడు. 1995లో జ్యూరీ లక్షల డాలర్ల పరిహారం ఇవ్వమంది. మన దగ్గరా చట్టం అంతే. 18 నిండిన మనిషిని కన్నవాళ్లయినా సరే గదిలో బంధిస్తే నేరమే. ‘మీరు తల్లిదండ్రులు కదా, పోలీసులు ఏమీ అనరు’ అని వాళ్లు చెప్పేది పచ్చి అబద్ధం. మేజరైన మనిషి ఎక్కడ ఉండాలో, ఎవరితో ఉండాలో తనే నిర్ణయించుకుంటుందని సుప్రీంకోర్టు 2018లో హాదియా కేసులో స్పష్టం చేసింది.

అయితే బలవంతంగా ఆపి ఉంచారని మీ దగ్గర ఆధారం ఉంటే దారి వేరు. 112కు ఫోన్ చేయండి, హైకోర్టులో హెబియస్ కార్పస్, అంటే ఆ మనిషిని కోర్టు ముందు హాజరుపరచమని అడిగే పిటిషన్ వేయండి. లాయర్ ఖర్చు భరించలేకపోతే ఉచిత న్యాయ సహాయానికి 15100 ఉంది. పిల్లలు మైనర్లయితే పిల్లల హెల్ప్‌లైన్ 1098.

మిగిలినవాళ్లకు ఉన్నది ఓపిక దారే. ఆ గురువును ఒక్క మాట అనకండి. అంటే, తను ఆయన తరఫున వాదించడానికే ఇంకా గట్టిగా నిలబడుతుంది. ఇప్పుడు అక్క, పిల్ల స్నేహితురాలి ద్వారా చిన్న చిన్న కబుర్లు పంపుతోంది. గంగ జాతరకు వేషాలు కట్టినవాళ్ల ఫొటో, అమ్మమ్మ సంగటి కెలికిందన్న సంగతి, అంతే. ‘ఎప్పుడొస్తావు’ అని అడగదు. ఈమధ్య రెండు మాటల జవాబు వచ్చింది. డబ్బు మాత్రం పంపకండి, అది ఎవరి చేతికి పోతుందో తెలియదు. బట్టలో మందులో కావాలంటే కొని పంపండి. సర్టిఫికెట్లు ఇంట్లోనే భద్రంగా ఉంచండి. తను తిరిగొచ్చిన రోజున నిలదొక్కుకోవడానికి అవే కావాలి.

మీకూ సాయం కావాలి, సిగ్గుపడకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు తెలుగులోనే, రాత్రీపగలూ ఉచితంగా మాట్లాడొచ్చు. రుయా ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. ప్రైవేటుగా ఎవరైనా తాము క్లినికల్ సైకాలజిస్టునని చెబితే ఆర్‌సీఐ (రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ నంబర్ అడగండి. నంబర్ చెప్పకుండా గ్యారంటీ మాట ఎత్తితే అక్కడినుంచి లేచి వచ్చేయండి.

ఇలాంటివాళ్లకు ఇప్పటికే డబ్బు కట్టినవాళ్లు ఫోన్‌పే వివరాలు, వాట్సాప్ మెసేజ్‌లు, కాల్ రికార్డులు చెరిపేయకండి. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయడానికి రెండేళ్ల గడువు ఉంటుంది, కట్టిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు లేదు. మేం వేశాం. ఒకే సెంటర్ చేతిలో మోసపోయినవాళ్లు కమిషన్ అనుమతితో కలిసి ఒకే ఫిర్యాదు కూడా వేయొచ్చు.