పిల్లల స్నోషూలు: గోపాల్‌పూర్ ఇసుకలో ట్రయల్, సోలాంగ్ మంచులో అసలు పరీక్ష

బరంపురంలో స్నోషూలు, అంటే మంచులో దిగబడకుండా బూట్ల కింద తగిలించుకునే వెడల్పాటి పలకలు, కావాలని ఏ షాపులో అడిగినా మన మొహం వంక ఓసారి చూస్తారు. అందుకని పిల్లలిద్దరికీ ఆన్‌లైన్‌లో తెప్పించాను. పాపకి ఏడేళ్లు, బాబుకి ఐదు. సంక్రాంతి అయ్యాక మనాలి వెళ్లాలనుకున్నాం. అక్కడ అద్దెకిచ్చేవాళ్లకి ఫోన్ చేస్తే కోట్లు, బూట్లు పిల్లల సైజులో ఉన్నాయి గానీ స్నోషూలు మాత్రం పెద్దవాళ్లవేనట. అవి బాబుకి తగిలించడమంటే కాళ్లకి చేటలు కట్టి నడవమన్నట్టే.

జత ఐదు వేల లోపే పడింది. ఒకే ముక్కగా పోతపోసిన ప్లాస్టిక్ పలక, బూటు ముందు భాగాన్ని పట్టుకునే రబ్బరు పట్టీ, అంతే. మడమ వదులుగా లేస్తుంది. ఒంటి బరువు పలకంతా పరుచుకుంటుంది కాబట్టి మెత్తటి మంచులో కాలు కూరుకుపోదు. పెట్టె మీద వయసు పెద్ద అక్షరాల్లో ఉంటుంది గానీ, మీరు చూడాల్సింది బరువు. మావాటికి 20 కిలోలు పరిమితి. కోటు, బూట్లు కూడా ఆ లెక్కలోకే వస్తాయి.

మా అత్తగారికి మొదట్నుంచీ టెన్షనే. "ఓలమ్మ! దారింగ్‌బాడిలోనే మంకీ క్యాప్ తియ్యరు, ఈళ్లని మంచులోకి తీసుకెళ్తావా?" అన్నారు. నిజానికి నా ధైర్యమంతా ఆ దారింగ్‌బాడే. ఏటా చలికాలంలో అక్కడి పైన్ చెట్ల మధ్య, కాఫీ తోటల పక్కన పిల్లల్ని నడిపిస్తుంటాం. గడ్డి మీద తెల్లగా పేరుకునే ఆ కాస్త మంచుకే దానికి ఒడిశా కాశ్మీర్ అని పేరు పెట్టేశారు. ఎత్తు ఎక్కడం, చలిలో ముక్కు కారుతున్నా నడవడం పిల్లలకి అలవాటే. కొత్తదల్లా కాలికి పలక. దానికి గోపాల్‌పూర్ బీచ్ సరిపోయింది. పొడి ఇసుకలో కాళ్లు కాస్త ఎడంగా వేసి నడవడం గంటలో వచ్చేసింది. వెనక్కి అడుగు వేస్తే మాత్రం పలక తోక దిగబడి వెల్లకిలా పడతారు, గుండ్రంగా తిరిగే రావాలి. చుట్టూ జనం ఫోన్లు తీసి వీడియోలు.

ఇక మనాలి దగ్గరి సోలాంగ్. రోప్‌వే దగ్గర జనం తొక్కి తొక్కి మంచు గట్టిపడిపోయి ఉంది, అక్కడ మామూలు బూట్లు చాలు. కాస్త అవతలికి, ఎవరూ తొక్కని మంచులోకి వెళ్లాక వీటి విలువ తెలిసింది. నేను తొడ దాకా దిగబడిపోతుంటే పిల్లలు పైపైనే పోతున్నారు. పలక అడుగున ఎలుగుబంటి పంజా అచ్చు ఉంది. వేసిన ప్రతి అడుగుకీ గుర్తు పడుతుంటే బాబు ఆగితే ఒట్టు. పాప ముందు నడిచి గుర్తులు వేస్తుంది, వాడు "ఎలుగ్గొడ్డు ఇటే పోయిందే!" అంటూ వెంటపడతాడు. ఎత్తుకోమని ఒక్కసారి కూడా అడగలేదు. అర కిలోమీటరు దాటకుండానే మేమే ఆపేశాం. ఇంకా నడుస్తామని ఏడ్చినా సరే, ఆపాల్సింది అప్పుడే.

లోపాలు కూడా చెప్పాలి. అడుగున లోహపు పళ్లు లేవు. చదును నేల మీద ఇబ్బంది లేదు గానీ చిన్న వాలు వచ్చినా జారుడుబల్లే. కొండ ఎక్కించాలనుకుంటే పళ్లున్నవే కొనండి. పట్టీ బిగించాలంటే పెద్దవాళ్లు గ్లోవ్స్ తీయాల్సిందే, బకిల్‌లో మంచు ఇరుక్కుంటే వేళ్లు కొంకర్లు పోతాయి.

మీ బడ్జెట్ తక్కువైతే ముందు వాటర్‌ప్రూఫ్ బూట్లు, ఊలు సాక్సుల మీద పెట్టండి. నూలు సాక్సు తడిస్తే ఇక ఆరదు, పిల్లాడు ఏడుపు లంకించుకుంటాడు. వేళ్లన్నీ ఒకే సంచీలో ఉండే గ్లోవ్స్ మేలు, ఒక వేలి వేడి ఇంకో వేలికి అందుతుంది. నల్ల కళ్లజోడు తప్పనిసరి. ఫ్లాస్కులో వేడి నీళ్లు, జేబులో జంతికలు.

తిరిగొచ్చే ముందు ఒక బకిల్ విరిగింది. పాప జడ రిబ్బనుతో కట్టి ఆ పూట గడిపాం. అమ్మినవాళ్లని అడిగితే బకిల్ విడిగా దొరకదు, కొత్త జత కొనమన్నారు. ఇందుకే వీటికి నా మార్కులు ఐదుకి మూడున్నర. మా ఊరి బడా బజార్‌లో చెప్పులు కుట్టే ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, పాత స్కూలు బ్యాగు బెల్టు వేసి కుట్టిచ్చాడు. యాభై రూపాయలు. గ్లోవ్స్ తీయకుండానే బిగించొచ్చు, మిగతా మూడూ కూడా మార్పించేశాను.