పాత కారును బాగుచేసి ఇచ్చే కార్యక్రమాల్లో ఏది మేలు?

ఇంటి వెనక షెడ్డులో తుప్పు పట్టి పడి ఉన్న కారు. ఎప్పుడో బాగుచేద్దామని విప్పిన మనిషి ఈలోగా మంచాన పడ్డాడు, లేదంటే చేతిలో డబ్బు అయిపోయింది. అలాంటి కారును టీవీ వాళ్లు తీసుకెళ్లి, నడిచే స్థితికి తెచ్చి అప్పగించడం ఎన్నిసార్లు చూసినా నాకు కళ్లు చెమరుస్తాయి. కానీ ఆ పని చేసే పద్ధతులన్నీ ఒకటి కావు.

అమెరికాలో 2004లో మొదలైన 'ఓవర్‌హాలిన్' చూడండి. ఇంటివాళ్లే రహస్యంగా కారు అప్పగిస్తారు. యజమానికి మాత్రం కారు పోయిందనో, దొంగలు ఎత్తుకెళ్లారనో చెప్పి నమ్మిస్తారు. కార్ల డిజైనర్ చిప్ ఫూస్ కారు కొత్త రూపాన్ని బొమ్మగా గీస్తాడు, బృందం రాత్రింబవళ్లు పనిచేసి సుమారు వారంలో కారు సిద్ధం చేస్తుంది. ఫూస్ గీత గొప్పది, అందులో సందేహం లేదు. ఆధునిక ఇంజను, బ్రేకులు అమర్చడం వల్ల బండి రోజూ వాడుకోవడానికీ పనికొస్తుంది. అయినా తిరిగి వచ్చేది ఫూస్ కారు. రంగు మారి, సీట్లు మారి, చక్రాలు మారాక, తండ్రి పక్కన కూర్చుని తిరిగిన ఆ బండిని కొడుకు ఎక్కడ వెతుక్కోవాలి? పైగా అన్ని రోజులు యజమాని పడే వేదనను వినోదంగా చూపించడం నాకు నచ్చదు.

బ్రిటన్‌లో 2013 నుంచి వస్తున్న 'కార్ ఎస్‌ఓఎస్' కూడా గుట్టుగానే సాగుతుంది. అయితే అక్కడ దాచేది శుభవార్తను. టిమ్ షా విడిభాగాల కోసం ఊళ్లు తిరుగుతాడు, బేరమాడతాడు. ఒకప్పుడు 'పాప్ విల్ ఈట్ ఇట్‌సెల్ఫ్' బృందంలో డ్రమ్స్ వాయించిన ఫజ్ టౌన్‌షెండ్ షెడ్డులో పని నడిపిస్తాడు. అక్కడికి వచ్చేవాటిలో చాలావరకు ఒకనాటి మధ్యతరగతి బండ్లు. వాటికి అసలు శత్రువు తుప్పు. ఉదాహరణకు బ్రిటన్ స్పోర్ట్స్ కారు ఎంజీబీలో కప్పు లేని రకానికి విడి ఛాసిస్, అంటే అడుగు చట్రం, లేదు, బరువంతా బాడీయే మోయాలి. తలుపుల కింది పెట్టె లాంటి భాగాలు తుప్పు పడితే ఆ బండి నడుము విరిగినట్టే. పైపైన టింకరింగ్ చేసి పెయింట్ కొడితే సరిపోదు, కుళ్లిన రేకు కోసి కొత్తది వెల్డింగ్ చేయాలి. ఈ కార్యక్రమం ఆ కనపడని పనికి విలువ ఇస్తుంది. కారును మొదట ఎలా ఉండేదో దాదాపు అలాగే నిలబెడుతుంది. తాళం చేతికిచ్చేటప్పుడు ఆ మనిషి ముఖం చూస్తే తెలుస్తుంది, తన కారును తాను గుర్తుపట్టాడని.

పని నేర్చుకోవాలనుకునేవారికి మాత్రం బ్రిటన్‌లోనే 2003లో మొదలైన 'వీలర్ డీలర్స్' పాత ఎపిసోడ్లే మేలు. అందులో అర్హుడైన యజమాని ఎవరూ ఉండరు. మైక్ బ్రూవర్ పాత కారు కొంటాడు, మెకానిక్ ఎడ్ చైనా బాగుచేస్తాడు, తర్వాత అమ్ముతారు. ఎడ్ శ్రమకు కూలి లెక్కకట్టరు కాబట్టి ఆ లాభాన్ని నిజమని నమ్మకండి. కానీ ఏ బోల్టు ఎందుకు విప్పాలో అంత ఓపికగా చెప్పినవారు అరుదు. షెడ్డులో పనిని తగ్గించి చూపాలన్న ఒత్తిడి వచ్చిందని చెప్పి ఆయన 2017లో తప్పుకున్నాడు. అది చూసేవారికి నిజమైన నష్టం.

యజమాని కోసమే అయితే నా ఓటు 'కార్ ఎస్‌ఓఎస్'కే. మన అంబాసిడర్ కూడా బ్రిటన్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నుంచే పుట్టింది, 2014లో తయారీ ఆగిపోయింది. తెలుగులో ఎవరైనా అలాంటి కార్యక్రమం తీస్తే ఇంజను విప్పండి, రేకు మార్చండి, వైర్లన్నీ కొత్తవి వేయండి. డ్యాష్‌బోర్డు మీద ఆ ఇంటి పెద్దాయన అంటించుకున్న వెంకన్న బొమ్మను మాత్రం కదపకండి.