కొత్తవని పాత ఎస్‌ఎస్‌డీలు అంటగట్టారు, మిగిలిన ఒక్క కాపీనీ వాళ్లే చెరిపేశారు. మిర్రర్ పెట్టించుకున్నవాళ్లు జాగ్రత్త

నిన్న రాత్రి నుంచి కంటి మీద కునుకు లేదు. కోపంలో రాస్తున్నాను, ఎక్కడైనా మాట తూలితే సర్దుకోండి. షాపు పేరు రాయను. విజయవాడలో స్టూడియోల వాళ్లు, ఎడిటర్లు సగం మంది మెషిన్లు కట్టించుకునేది అక్కడే. "నేనున్నాగా సార్, మీకెందుకు టెన్షన్" అనే మాట ఒక్కసారి విన్నవాళ్లకి ఎవరో తెలిసిపోయే ఉంటుంది.

ముందు సంగతి గబగబా చెప్పేస్తాను. 16 నెలల కిందట దసరా ఆఫర్‌లో ఎడిటింగ్ వర్క్‌స్టేషన్ తీసుకున్నాను. 2 టీబీ ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీలు (డేటా దాచే, బాగా వేగమైన డ్రైవులు) రెండు, మిర్రర్‌లో. రెయిడ్ 1 అంటారే, అది. ఒకదాని మీద రాసిందల్లా రెండోదాని మీదా పడుతుంది, ఒకటి పోయినా పని ఆగదు. ఆ ధైర్యం కోసమే ఒకటి సరిపోయే చోట రెండింటికి డబ్బు కట్టాను. మేం తీసేది పెళ్లి వీడియోలు. పోయాయని చెప్పి మళ్లీ తాళి కట్టించలేం కదా.

సంక్రాంతి వారంలో స్క్రీన్ మూల నుంచి ఒక మెసేజ్ వచ్చింది, వాల్యూమ్ డిగ్రేడెడ్ అని. జంటలో ఒక డ్రైవ్ బయటికి పడిపోయింది. షాపుకి ఫోన్ చేస్తే, "రెండోది నడుస్తోందిగా సార్, మిర్రర్ పెట్టిందే అందుకు. సీజన్ అయ్యాక తీసుకురండి" అన్నాడు. నాకూ ఆ మాటే కావాలి. మాఘమాసం ముహూర్తాలు వరసగా ఉన్నాయి, మెషిన్ షాపులో పెట్టి కూర్చునే తీరిక ఎక్కడిది. తలూపి ఫోన్ పెట్టేశాను. నా మొదటి తెలివితక్కువ పని అది. డిగ్రేడెడ్ అంటే ఇక మిర్రర్ లేదనే. ఒంటి డ్రైవ్ మీద ఐదు వారాలు నడిపాను. ఆ ఐదు వారాల్లో రెండు పెళ్లిళ్లు, ఒక ఓణీల ఫంక్షన్, ఒక గృహప్రవేశం. కార్డుల్లోంచి కాపీ చేసుకోవడం, "రెండు చోట్ల ఉన్నట్టే కదా" అనుకుని కార్డులు ఫార్మాట్ కొట్టి మళ్లీ కెమెరాలో పెట్టుకోవడం. రెండు చోట్ల ఎక్కడరా నాయనా, ఒక చోట కూడా సరిగ్గా లేదు.

పోయిన వారం ఆ రెండోదీ మొండికేసింది. టైమ్‌లైన్ లాగితే అర నిమిషం బిగుసుకుపోయేది, మళ్లీ ఏమీ ఎరగనట్టు నడిచేది. వేడెక్కుతోందేమో అని పక్క మూత తీసి టేబుల్ ఫ్యాన్ పెట్టాను. విండోస్ తన తప్పులు రాసుకునే ఈవెంట్ వ్యూయర్‌లో 129 నంబరు ఎర్రర్లు వరసగా పడి ఉన్నాయని తర్వాత తెలిసింది. విండోస్ డ్రైవ్‌ని పిలిస్తే పలక్కపోతే, రీసెట్ చేసి మళ్లీ పిలిచిన గుర్తులవి. అది ఫ్యాన్ గాలికి తగ్గే జబ్బు కాదు.

గురువారం మెషిన్ మోసుకుని షాపుకెళ్లాను. కౌంటర్ వెనక ఉన్న కుర్రాడు మూత విప్పి, ముందు పోయిన డ్రైవ్ తీసి తుడిచి మళ్లీ పెట్టి, "ఇది బానే ఉంది సార్, లూజ్ కనెక్షన్" అన్నాడు. వారంటీలో కొత్తది ఇవ్వకుండా తప్పించుకోవడానికని ఇప్పుడు తెలుస్తోంది. తర్వాత రెండోదాన్ని, అంటే ఐదు వారాల పని ఉన్నదాన్ని, ఊడదీసి పక్కన పెట్టి, ముందుదానితో మెషిన్ ఆన్ చేశాడు. ఆన్ అయింది. "చూశారా సార్!" అని ఒక నవ్వు. మళ్లీ ఆపి, రెండోదాన్ని తగిలించి, బయాస్‌లో (విండోస్ రాకముందు వచ్చే సెట్టింగుల తెర) రెయిడ్ పేజీ తెరిచి, దాన్ని నాన్‌రెయిడ్‌గా, అంటే జంటలో లేని విడి డ్రైవ్‌గా మార్చాడు.

ఇక్కడ నాకు చిన్న అనుమానం వచ్చింది. "తమ్ముడూ, ఏది పాతది, ఏది కొత్తది అని చూసుకున్నావా? సంక్రాంతి నుంచి పనంతా ఇప్పుడు నువ్వు మార్చినదాంట్లోనే ఉంది" అన్నాను. వాడు తల కూడా తిప్పలేదు. "రోజుకి ఇలాంటివి పది చేస్తాం సార్. మీరు అలా కూర్చోండి." కుర్చీ చూపించాడు. నేను వెళ్లి కూర్చున్నాను. చెప్పుతో కొట్టాలి నన్ను.

రీబిల్డ్ నొక్కాడు, అంటే ఒక డ్రైవ్‌లో ఉన్నదంతా రెండోదాని మీద మళ్లీ రాయడం. ఈ రకం రెయిడ్‌లో బయాస్‌లో నొక్కితే ఆర్డర్ వేసినట్టే, అసలు కాపీ జరిగేది విండోస్ వచ్చాక. విండోస్ వచ్చింది. డెస్క్‌టాప్ మీద ప్రకాశం బ్యారేజీ ఫొటో. బాగుంది, నేను తీసిందే అనుకుంటూ చూస్తున్నాను. ఏదో తేడాగా ఉంది, ఏంటో అందడం లేదు. వసంత పంచమికి మా పాపకి అక్షరాభ్యాసం చేయించాం. పలక పట్టుకుని కోపంగా చూస్తున్న ఫొటో ఆ రాత్రే వాల్‌పేపర్‌గా పెట్టుకున్నాను. మరి బ్యారేజీ ఎందుకొచ్చింది? పాప ఏది?

అప్పుడు వెలిగింది. ఇది సంక్రాంతి నాటి డ్రైవ్. ఐదు వారాలుగా బయటే కూర్చుని, ఈ మధ్య జరిగిందేదీ ఎరగనిది. దాన్ని మూలం చేసి, కొత్త పని ఉన్న డ్రైవ్ మీద రుద్దుతున్నాడు. మూలన రీబిల్డ్ 6 శాతం.

లేచి, "ఆపు, ఆపు, తిరగేసి పెట్టావు" అని అరిచాను. వాడు తాపీగా, "మధ్యలో ఆపితే మొత్తం పోతుంది సార్" అన్నాడు. మొత్తం పోతున్నదే అది నడవడం వల్లరా బాబూ! పవర్ బటన్ మీదికి చెయ్యి పోనిచ్చాను. చెయ్యి పట్టుకున్నాడు. నిజంగానే మణికట్టు పట్టుకుని, "షాపులో సిస్టమ్ ముట్టుకోకండి" అన్నాడు. నా మెషిన్, నా డేటా, బిల్లు నా పేరు మీద ఉంది. ఓనర్ లోపల్నుంచి వచ్చి, ఫోన్ చెవి దగ్గర్నుంచి తియ్యకుండానే, "వాడికి తెలుసు సార్, కంగారు పడకండి" అని చేత్తో సైగ చేశాడు. ఒకడు వాదిస్తుంటే ఒకడు సైగలు. 14, 19, 25. ఎన్‌వీఎంఈ కదా, బాగా వేగం అని కొన్నాం, చెరపడంలోనూ అంతే వేగం. చివరికి టేబుల్ కింద దూరి ప్లగ్ పీకేశాను. అప్పటికి 31.

2 టీబీలో 31 శాతం అంటే 620 జీబీ. మొదటి గడి నుంచి వరసగా తొక్కుకుంటూ పోయింది. ఏ ఫైలు ఎక్కడుందో చెప్పే పట్టిక కూడా అందులోనే పోయింది.

ఓనర్ ఫోన్ జేబులో పెట్టుకుని అన్న మొదటి మాట: "బ్యాకప్ ఉంటుంది కదా సార్ మీ దగ్గర?" ఇదే మనిషి, 16 నెలల కింద ఇదే కౌంటర్ దగ్గర, "మిర్రర్ ఉంటే బ్యాకప్‌తో పనేంటి సార్" అని నాకు రెండో డ్రైవ్ అమ్మాడు.

హైదరాబాద్‌లో రికవరీ వాళ్ల దగ్గరికి రెండు డ్రైవులూ పట్టుకెళ్లాను. మీద రాసేసినదాన్ని తియ్యలేమని ముఖం మీదే చెప్పేశారు, కనీసం అబద్ధం ఆడలేదు. మిగిలిన భాగంలోంచి 140 చిల్లర క్లిప్పులు వచ్చాయి, పేర్లు లేవు, నంబర్లే. ఒక పెళ్లి సగం బతికింది, రెండో కెమెరా కుర్రాడు బద్ధకించి కార్డు ఫార్మాట్ చెయ్యలేదు కాబట్టి. వాడి బద్ధకానికి దండం పెట్టాలి. ఇంకో పెళ్లిలో జీలకర్ర బెల్లం లేదు, తలంబ్రాలు లేవు, అప్పగింతల్లో మూడు క్లిప్పులు. పెళ్లికూతురి నాన్నగారికి ఫోన్ చేశాను. తిడతారనుకున్నాను, సిద్ధపడే చేశాను. ఆయన కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "అమ్మాయికి నేను చెప్తాలే బాబూ, నువ్వు చెప్పకు" అన్నారు. తిట్టి ఉంటే బాగుండేది.

అసలు దొంగతనం ఆ రికవరీ టేబుల్ మీదే బయటపడింది. డ్రైవ్‌ని యూఎస్‌బీ ఎన్‌క్లోజర్‌లో (డ్రైవ్‌ని బయట నుంచి తగిలించే డబ్బా) పెట్టి, డ్రైవ్ ఆరోగ్యం చూపించే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో తెరిచి, స్క్రీన్ నా వైపు తిప్పి, "ఎన్నాళ్ల కింద కొన్నారు?" అని అడిగారు. చెప్పాను. "మరి ఇది చూడండి." పవర్ ఆన్ అవర్స్, అంటే డ్రైవ్ ఇప్పటిదాకా నడిచిన గంటలు, 19,406. రెండోదానికి 19,402. కొన్న రోజు నుంచి ఒక్క నిమిషం ఆపకుండా నడిపినా 16 నెలలకి 11,700 గంటలు దాటవు. నేను నడిపింది ఎంత లెక్కేసుకున్నా 4,000. మిగతా 15 వేల పైచిలుకు, అంటే రాత్రీ పగలూ లెక్కేస్తే ఏడాది తొమ్మిది నెలలు, నా ఇంటికి రాకముందే నడిచాయి. ఆయుష్షులో ఎంత అరిగిందో చెప్పే పర్సెంటేజ్ యూజ్డ్ ఒకదానికి 104, ఇంకోదానికి 103. నూరు దాటితే ఆ క్షణమే చస్తుందని కాదు, కంపెనీ లెక్కగట్టిన ఆయుష్షు అయిపోయిందని అర్థం. సీరియల్ నంబరు కంపెనీ సైట్లో కొడితే, విడిగా అమ్మే సరుకు కాదు, కంప్యూటర్ తయారీదారులకి ఇచ్చిందట, దీనికి మా వారంటీ లేదు అని వచ్చింది. ఏ మెషిన్‌లోంచి పీకారో. 2021లో చియా అనే క్రిప్టో నాణేల కోసం ఎస్‌ఎస్‌డీలను రాత్రింబవళ్లు అరగదీసి సెకండ్‌హ్యాండ్‌లోకి వదులుతున్నారని వార్తలు చదివి నవ్వుకున్నవాణ్నే నేను.

రెండింటికీ తేడా నాలుగంటే నాలుగు గంటలు. అంటే ఎక్కడో అవి జంటగానే కాపురం చేశాయి. మిర్రర్‌లో ఉన్న మెలికే ఇది. రెండిటి మీదా ఒకే రాత పడుతుంది, ఒకేలా అరుగుతాయి. ఒకే లాట్‌వి, ఒకే వయసువి అయితే ఒకటి పోయాక రెండోది ఎన్నాళ్లో ఆగదు. 2019 నవంబరులో సర్వర్లు తయారుచేసే హెచ్‌పీఈ వాళ్లే చెప్పుకున్నారు, వాళ్ల సర్వర్ ఎస్‌ఎస్‌డీలు కొన్ని ఫర్మ్‌వేర్ (డ్రైవ్ లోపల ఉండే సాఫ్ట్‌వేర్) తప్పు వల్ల సరిగ్గా 32,768 గంటలకి, అంటే 3 ఏళ్ల 270 రోజుల 8 గంటలకి, ఆగిపోతాయని. ఒకే రోజు ఆన్ చేసిన జంట ఒకే గంటకి పోతుందన్నమాట. నాది ఫర్మ్‌వేర్ తప్పు కాదులెండి, మనిషి తప్పు.

గంటల సంగతి ఓనర్‌ని ఫోన్లో అడిగాను. ఏమన్నాడో తెలుసా? "అది టెస్టింగ్‌లో ఎక్కిన గంటలు సార్." ఏడాది తొమ్మిది నెలలు నా కోసం కూర్చుని టెస్ట్ చేశాడట, ఎంత శ్రద్ధ! తర్వాత పెద్ద మనసు చేసుకుని, రెండు కొత్త ఎస్‌ఎస్‌డీలు ఇస్తాను, మిర్రర్ మళ్లీ ఫ్రీగా పెట్టిస్తాను అన్నాడు. అదే కుర్రాడి చేత కాబోలు.

ఇంకో మాట చెప్తే నాకే కడుపు మండిపోతోంది. ఈ రకం మిర్రర్‌లో డ్రైవ్‌ని విడిగా తీసి ఎన్‌క్లోజర్‌లో పెడితే ఫైళ్లు మామూలుగానే కనిపిస్తాయట, రెయిడ్ గుర్తులు డిస్క్ చివర్లో ఉంటాయి కాబట్టి. వెయ్యో పదిహేను వందలో పెట్టి ఒక డబ్బా కొనుక్కుని, ఇంట్లోనే సాయంత్రం కూర్చుని కాపీ చేసుకుంటే అయిపోయేది. షాపు గడప తొక్కే అవసరమే లేదు.

సరే, మీరైనా ఇవి చూసుకోండి. కొన్న రోజే, డబ్బు ఇవ్వకముందే, కౌంటర్ మీదే గంటలు చూడండి, రెండంకెలు దాటితే దండం పెట్టి వచ్చేయండి. రెయిడ్‌లో ఉన్నప్పుడు నంబర్లు కనిపించకపోవచ్చు, మిర్రర్ కట్టకముందే చూపించమనండి. సీరియల్ నంబర్లు బిల్లు మీద రాయించుకోండి. జంటకి రెండు వేరు వేరు కంపెనీలవి తీసుకుంటే ఇంకా మంచిది. డిగ్రేడెడ్ అని వచ్చిన రోజే అన్ని పనులూ ఆపి కాపీ తీసుకోండి, పడిపోయిన డ్రైవ్ మీద స్టిక్కర్ వేసి తేదీ రాసి పెట్టండి. ఎన్‌క్లోజర్‌లో పెట్టినప్పుడు విండోస్ ఫార్మాట్ చేయమంటావా అని అడిగితే వద్దనండి. కాపీ చేతికి వచ్చేదాకా రీబిల్డ్ అనే మాట ఎవరి నోటా రానివ్వకండి, వాడు రోజుకి వంద చేసినా సరే.

నేను జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను, జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వేరుగా కాగితాలు సిద్ధం చేస్తున్నాను. దానికి రెండేళ్ల గడువు ఉంటుంది. ఆ దసరా ఆఫర్‌లో అక్కడ మెషిన్ తీసుకున్నవాళ్లు ఇవాళే గంటలు చూసుకోండి. నాలుగు గంటల తేడాతో జంట దొరికిందంటే ఆ లాట్ నా రెండింటితో ఆగి ఉండదు. మీవీ అలాగే ఉంటే బిల్లు, స్క్రీన్ ఫొటో దగ్గర పెట్టుకుని నాకు చెప్పండి. సోమవారం లాయర్‌ని కలుస్తున్నాను, ఇద్దరు ముగ్గురం కలిసి వెళ్తే ఆ టెస్టింగ్ కథ నిలబడదు.