శాఖా గ్రంథాలయంలో వెనుక వరుస బీరువాలు: ఏళ్ల తరబడి వాడిన పాఠకుడి సమీక్ష

జిల్లా గ్రంథాలయ సంస్థ కింద మా మండల కేంద్రంలో నడిచే శాఖా గ్రంథాలయంలో నేను చాలా ఏళ్లుగా సభ్యుణ్ణి. ఉదయం 8 నుంచి 11 వరకు, సాయంత్రం 4 నుంచి 7 వరకు తెరిచి ఉంటుంది, శుక్రవారం సెలవు. ఈ వేళలు విశ్రాంత ఉద్యోగులకు, బడి వదిలిన పిల్లలకు బాగానే కుదురుతాయి కానీ, పట్నంలో పనిచేసి రాత్రికి బస్సు దిగేవాళ్లకు ఆదివారమే దిక్కు. సభ్యత్వానికి గుర్తింపు కార్డు నకలు, మానుకున్నప్పుడు తిరిగి ఇచ్చే కొద్దిపాటి ధరావతు చాలు.

దినపత్రికల సేవకు వంక పెట్టడానికి లేదు. తెలుగు పత్రికలన్నీ తెరిచే సమయానికే బల్ల మీద ఉంటాయి, పాతవి అడిగితే కట్ట విప్పి ఇస్తారు. చదువుకొనే హాలు మాత్రం ఇప్పుడు దాదాపుగా పోటీ పరీక్షల అభ్యర్థులదే. గ్రూప్-2కో, డీఎస్సీకో, కానిస్టేబుల్ ఉద్యోగానికో తయారయ్యే యువత తమ పుస్తకాలు తామే తెచ్చుకొని, కుర్చీ మీద చేతిరుమాలు వేసి చోటు పట్టుకొని, తలుపు మూసేదాకా కదలరు. ఇంట్లో చదువుకునే వీలు లేనివారికి ఉచితంగా నీడ, వెలుతురు, నిశ్శబ్దం దొరకడం చిన్న విషయం కాదు. అయితే తెలుగు అకాడమి పుస్తకాలు ఒక్కొక్క ప్రతే ఉండడం, అవి ఇంటికి ఇవ్వకపోవడం వారికి ఇబ్బందిగానే ఉంది. మరుగుదొడ్డి సరిగా లేకపోవడంతో ఆడపిల్లలు రెండు గంటలకు మించి కూర్చోలేకపోతున్నారు. నా దృష్టిలో ఈ గ్రంథాలయానికున్న లోపాలలో ఇదే అన్నిటికంటే పెద్దది. ఫిర్యాదు చేసినప్పుడల్లా అంచనాలు పంపామన్న జవాబే వస్తోంది.

పత్రికల బల్లను, ఈ హాలును మాత్రమే చూసి వెళ్లేవారికి గ్రంథాలయంలోని అసలు సరుకు కనబడదు. అది వెనుక వరుస బీరువాలలో ఉంది, వాటికి తాళం ఉంటుంది, అడిగితే తీస్తారు. అడగాలని చాలామందికి తెలియదు. పుస్తకాల జాబితా చేతిరాత రిజిస్టరులో ఉంది; అందులో పుస్తకాలు వచ్చిన వరుసలో నమోదయ్యాయే తప్ప రచయితను బట్టి కానీ, విషయాన్ని బట్టి కానీ వెతికే వీలు లేదు. కంప్యూటరులోకి ఎక్కించే పని మొదలై మధ్యలో ఆగింది. కాబట్టి బీరువా ముందు నిలబడి వెతుక్కోవలసిందే. అక్కడా ఒక చిక్కు ఉంది. పాత పుస్తకాలకు బైండింగు చేయించినప్పుడు అసలు అట్టలు పోయి, అన్నిటికీ ఒకే రంగు క్యాలికో గుడ్డ మిగిలింది. వెన్ను మీద పేరు ఉండదు, తెల్ల రంగుతో రాసిన అంకె మాత్రమే ఉంటుంది. 894.827 అంటే తెలుగు సాహిత్యం, దాని చివర 3 చేరితే కథలు, నవలలు. పుస్తకాలను విషయాల వారీగా విడదీయడానికి గ్రంథాలయాలు వాడే ఈ డ్యూయీ పద్ధతి అంకెలు నాలుగైదు గుర్తు పెట్టుకుంటే సగం శ్రమ తప్పుతుంది.

కొత్తగా చేరేవారికి నా సలహా ఏమిటంటే, నవలల బీరువా దగ్గరే ఆగిపోవద్దు. అక్కడి డిటెక్టివ్ నవలల్లో చాలావాటికి చివరి పుటలు లేవు; ఒకదానికైతే ఎవరో పుణ్యాత్ములు మొదటి పుటలోనే హంతకుడి పేరు పెన్సిలుతో రాసిపెట్టారు. ఇతర భారతీయ భాషల నుంచి తెనిగించి నేషనల్ బుక్ ట్రస్టు వేసిన నవలలు, సాహిత్య అకాడెమీ వారి ‘భారతీయ సాహిత్య నిర్మాతలు’ పరంపరలోని చిన్న పుస్తకాలు దాదాపు కొత్తవిగానే పడి ఉన్నాయి. మాస్కో నుంచి ప్రగతి, రాదుగ ప్రచురణాలయాలు పంపిన రష్యన్ అనువాదాలు ఇంకో అరలో ఉన్నాయి. సోవియట్ యూనియన్ పోయాక ఆ ముద్రణలు ఆగిపోయాయి కనుక వీటిని జాగ్రత్తగా వాడాలి. యాత్రా రచనలు ఇష్టపడేవారు సాహిత్యంలో కాక 915.4 దగ్గర, అంటే భారతదేశ భూగోళం, యాత్రల అరలో వెతకాలి. ఏనుగుల వీరాస్వామయ్య 1830–31లో మద్రాసు నుంచి కాశీకి వెళ్లి వచ్చి రాసిన ‘కాశీయాత్ర చరిత్ర’ నాకు అక్కడే, పాఠశాల అట్లాసుల మధ్య దొరికింది. ఏ మజిలీలో ఏ సరుకు దొరుకుతుందో, ఏ దారిలో ఏ ఇబ్బంది ఉందో అంత ఓపికగా నమోదు చేసిన ఆ పుస్తకాన్ని భూగోళంలో చేర్చడం ఒక విధంగా సబబే.

పిల్లలకు నేషనల్ బుక్ ట్రస్టు వారి ‘నెహ్రూ బాల పుస్తకాలయం’ పరంపరలోని బొమ్మల పుస్తకాలు ఉన్నాయి, పాతబడినా పనికొస్తాయి. వేసవి శిబిరంలో ఈ పుస్తకాలనే పిల్లల చేత పైకి చదివించి, చదివిన కథను మళ్లీ వారి మాటల్లో చెప్పిస్తారు. ఇక్కడ జరిగే కార్యక్రమాలన్నిటిలో నాకు నచ్చినది ఇదే. నవంబరు 14 నుంచి 20 వరకు జరిగే గ్రంథాలయ వారోత్సవాలలో వ్యాసరచన, వక్తృత్వం, ముగ్గుల పోటీలు ఉంటాయి. గెలిచినవారికి స్టీలు డబ్బాలు ఇస్తారు. పుస్తకాల పండుగలో పుస్తకం ఇవ్వడానికి చేతులెందుకు రావో నాకు ఇప్పటికీ అర్థం కాదు. అయినా ఆ వారం తప్పక వెళ్లాలి, ఎందుకంటే పుస్తక ప్రదర్శన కోసం వెనుక బీరువాలన్నీ ఒకేసారి తెరిచి, పుస్తకాలు దులిపి బల్లల మీద పరుస్తారు. ఏడాదికి సరిపడా జాబితా నేను అప్పుడే రాసుకుంటాను.

కొత్త సాహిత్యం మాత్రం ఆలస్యంగా, అరకొరగా వస్తుంది. 1960 నాటి పౌర గ్రంథాలయాల చట్టం ప్రకారం ఆస్తి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను వసూలవుతుంది. వసూలు చేసిన స్థానిక సంస్థలు దాన్ని సకాలంలో జమ చేయకపోతే పుస్తకాల కొనుగోలే ముందుగా ఆగుతుంది. అంటే సభ్యత్వ కార్డు లేని ఇంటి యజమాని కూడా ఈ గ్రంథాలయానికి డబ్బు కడుతూనే ఉన్నాడు, కాబట్టి కావలసిన పుస్తకం అడగడానికి మొహమాటపడనక్కరలేదు. మా దగ్గర సూచనల పుస్తకం ఉంది. ‘మంచి నవలలు తెప్పించండి’ అని రాస్తే లాభం లేదు. పేరు, రచయిత, ప్రచురణకర్త, ధర స్పష్టంగా రాసి, గ్రంథపాలకుడితో సంతకం చేయించుకోవాలి. అలా రాసినవాటిలో కొన్ని ఏడాది తిరిగాక వచ్చాయి, కొన్నిటిని మళ్లీ రాయవలసి వచ్చింది.